ఆకురాయి మీద విభూతి

"ఇంజిన్ యాడ దొరికింది మారెప్పా?"

మారెప్ప పలకలేదు. లాకప్ కమ్మీలకు అవతల నిలబడి తన పాదాల వంక చూసుకుంటున్నాడు. చొక్కా ముందు భాగమంతా నెత్తురు ఎండి నల్లగా అట్టకట్టింది. అది అతని నెత్తురు కాదు.

"చూస్తిరా డిటెక్టివ్ మేడం?" వెనక నుంచి సబ్ ఇన్‌స్పెక్టర్ గుణశేఖర్ నవ్వాడు. "పొద్దుట్నుంచి ఇదే కత. వేరే ఏమడిగినా గడగడా చెప్తాడు. ఇది ఒక్కటి అడిగితే నోట్లో కుడుము పెట్టుకున్నట్టు నిలబడతాడు."

వినోదిని వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే కోపం వస్తుంది. కోపం వస్తే అరవం పోయి తెలుగు వస్తుంది. గుణశేఖర్‌దీ ఇంట్లో తెలుగే. ఇద్దరూ తెలుగులోకి దిగారంటే తమిళనాడులోని ఈ ధర్మపురి పోలీస్ స్టేషన్‌లో కానిస్టేబుళ్లంతా పని ఆపి చెవులు నిక్కిస్తారు. ఈ సంగతి ఆమెకు నాలుగైదు కేసులుగా అనుభవమే.

నాలుగు రోడ్ల దగ్గర జిరాక్స్ కొట్టు పైన ఆమె ఆఫీసు. బోర్డు మీద డిటెక్టివ్ అని పెద్ద అక్షరాలతో రాయించుకుంది గానీ, మెట్లెక్కి వచ్చేవన్నీ పెళ్లికొడుకు తాగుతాడా, ముందే ఒక పెళ్లయిందా అన్న కేసులే. విజయదశమి పూట తాళం తీసి సాంబ్రాణి వెలిగిస్తుండగా మారెప్ప భార్య మారమ్మ వచ్చింది. కూర్చోలేదు, ఏడవలేదు. "మా ఆయన కొట్టలేదు అక్కా. నువ్వొచ్చి చూడు" అంది.

సంగతి ఇదీ. వెంకటరామన్ అనే రిటైర్డ్ ఇంజనీరు తన పడుచు వయసునాటి జావా మోటార్‌సైకిల్‌ను ఇంటి వెనక షెడ్డులో పెట్టుకుని మళ్లీ కొత్తదానిలా చేయిస్తున్నాడు. మూడేళ్లుగా అదే తపస్సు. ఒక్క డూప్లికేటు బోల్టు పెట్టినా ఆయనకు అన్నం సయించదు. ఆ పని చేసేవాడు, ఒరిజినల్ పార్టులు, చివరికి పాత ఇంజిన్ కూడా, ఊరూరా వెతికి తెచ్చినవాడు మారెప్ప. నిన్న ఆయుధ పూజకు బండిని తుడిచి, బొట్లు పెట్టి, నలుగురికీ చూపించారు. ఈ పొద్దున తెల్లవారేసరికి వెంకటరామన్ ఆ షెడ్డులోనే తల పగిలి పడి ఉన్నాడు. ఆయన తలను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నవాడు మారెప్ప. బండి కార్బొరేటర్ కనపడలేదు. వెంకటరామన్ పెద్దాసుపత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడు.

"షెడ్డు తాళంచెవి వీడి దగ్గర ఉండాది," గుణశేఖర్ వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. "తల పగలగొట్టిన స్పానర్ మీద వీడి వేలిముద్రలు. హోసూరులో ముఖేశ్ అని పాత బండ్లు కొనే సేటు ఆ కార్బొరేటర్ కోసం వీడికి ఏడాదిగా ఫోన్లు చేస్తా ఉండాడు. ఇంజిన్ యాడిదంటే చెప్పడు. అదీ దొంగసొత్తే. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టినాను. సాయంత్రం జడ్జి ఇంటికాడ నిలబెడతాను, రిమాండు."

"జావా అంటే ఏమో తెలుసా సార్ మీకు?"

"నాకా?" అతని మీసం బిగుసుకుంది. "ఆ బండి ట్యాంకు మీద కూర్చుని అంకెలు నేర్చుకున్నోణ్ణి. నాకు చెప్పొద్దండి."

"మీ ఇంట్లో ఉండిందా?"

"ఉండింది." అంతే. టోపీ తీసుకున్నాడు. "నేను కాఫీ తాగి వచ్చేలోగా మీరైనా చెప్పించండి. మీకు పుణ్యముంటుంది."

అతను పోయాక వినోదిని కమ్మీల దగ్గరికి జరిగింది.

"మీ ఆడమనిషి ఏమన్నదో తెలుసునా? మొగుడు జైలుకు పోతే తిరిగొస్తాడక్కా, పేరు పోతే తిరిగి రాదు అన్నది. నీకు షెడ్డా, కొట్టా? ఒకరి ఇంట్లో కూర్చుని పని చేసేవాడివి. బీరువా తాళాలు బల్ల మీద పెట్టేసి ఇంటోళ్లు పెళ్లికి పోతారు, నువ్వు ఉండావు గదా అని. ఒక్క రాత్రి జైల్లో పడుకుని రా, చూద్దాం. ఎవురు గేటు తీస్తారో!"

మారెప్ప తల వంచుకునే చెప్పాడు. "మా పనికి చెయ్యి కాదక్కా ముఖ్యం, జాడ. దొరికిన చోటు ఈ పొద్దు చెప్తే రేపటికి ఇంకొకడు అక్కడ నిలబడి ఉంటాడు. నాకు పని నేర్పిన ఆయన సచ్చేటప్పుడు కూడా చెప్పలేదు తన చోట్లు. నేను అడగనూ లేదు."

"జైలుకు పోతావు రా!"

"పోతాను. తిరిగొచ్చినాక నాకు పార్టులు దొరకాల గదా."

వినోదినికి ఒళ్లు మండిపోయింది. వీడికి బుద్ధి చెప్పాలా, చెంప పగలగొట్టాలా? ఊపిరి పీల్చుకుని, మెల్లగా వేరే దారిలో వచ్చింది.

"మూడేళ్లు ఆ షెడ్డుకు దొంగ రాలేదు. ఆ ఇంజిన్ బిగించింది ఎప్పుడు?"

"పోయిన నెల."

"దాన్ని నలుగురూ చూసింది?"

"నిన్ననే... పూజలో."

"నిన్న చూసినారు, ఈ పొద్దు ఆయన తల పగిలింది. ఆ ఇంజినే కొట్టించి ఉంటే? నీ జాడను నువ్వు దాచుకుంటా ఉండావు. ఆ జాడలో ఇంకెవురు దాక్కున్నారో నీకు తెలుసునా?"

మారెప్ప తలెత్తాడు. ఈ కోణం అతనికి తట్టలేదని కళ్లలోనే తెలిసిపోయింది. కమ్మీలకు నోరు ఆనించి, ఎదురుగా ఉన్న కానిస్టేబుల్‌కు కూడా వినపడనంత చిన్నగా చెప్పాడు.

"ఏ. పళ్లిపట్టి ఊరికి అవతల ఒక మామిడితోట. అందులో వాడని పంపుసెట్టు గది. వళ్ళి అని ఒక అవ్వ కావిలి ఉండాది. ఆ గదిలో ఇంజిన్‌ను నీళ్ల తొట్టి కింద ఎత్తుగా పెట్టి ఉండారు. నేను కొత్త బిందె ఇచ్చి తీసుకున్నాను. తోట ఎవరిదో నాకు తెలీదు, అడగలేదు. పళ్లిపట్టి దిక్కు దొరికిందని మాత్రం ఇంజనీరయ్యకు చెప్పినాను. అంతకుమించి ఆయనకూ చెప్పలేదక్కా. సామి తోడు."

* * *

వెంకటరామన్ ఇంటి వెనక షెడ్డు. కాపలా కానిస్టేబుల్ వినోదినిని ఆపబోయాడు గానీ, లోపలి నుంచి వెంకటరామన్ భార్య సౌభాగ్యం "రానీ, నేనే పిలిచినాను" అని అబద్ధమాడింది. ఆమె మారెప్పను నమ్ముతోంది. ఆ ఒక్క అబద్ధంలోనే వినోదినికి అది తెలిసింది.

"ఇప్పుడే ఆస్పత్రి నుంచి వచ్చినాను పాపా, కంజి కాచుకోని పోదామని. నంజప్ప అన్న దగ్గర ఉండాడు. చింతపండు మండీ నంజప్ప. మా ఆయనకు చిన్నప్పట్నుంచి దోస్తు. పొద్దుట్నుంచి మంచం పక్కనుంచి లేవలేదు పాపం, నన్నే ఇంటికి తరిమినాడు." కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆయన నొసట తన విబూది పెట్టినాడు. మా ఇంట్లో ఎవరమూ పెట్టుకోము పాపా, మాది నామం. అయినా వద్దనలేకపోయినాను. ఆ గడియలో ఏ సామి అయితే ఏమి, కాపాడితే చాలు."

వినోదిని ఆమె చెయ్యి పట్టుకుంది. తర్వాత అడిగింది:

"నిన్న రాత్రి ఈ షెడ్డుకు తాళం వేసింది ఎవరమ్మా?"

"తాళమా?" సౌభాగ్యం వింతగా చూసింది. "పూజ చేసిన చోట దీపం వెలుగుతా ఉంటే తాళం వేస్తామా? తలుపు దగ్గరికి లాగినాను, అంతే. ఏటా అంతే."

"ఈ మాట ఎస్సైకి చెప్పినారా?"

"ఆయన అడగలేదే! తాళంచెవి ఎవరి దగ్గర ఉండాదని అడిగినాడు, మారెప్ప దగ్గర అన్నాను."

గుణశేఖర్ లెక్కపెట్టి మడిచిన వేళ్లలో మొదటిది తెరుచుకుంది. వినోదిని చెప్పులు విడిచి లోపలికి అడుగుపెట్టింది.

జావా నడుమ నిలబడి ఉంది. ముదురెరుపు రంగు, ట్యాంకు పక్కన మెరిసే లోహం, హెడ్‌లైట్‌కు వాడిపోయిన చామంతి దండ. ముందు చక్రం కింద చితకకుండా మిగిలిపోయిన నిమ్మకాయ. ఇవాళ ఆ నిమ్మకాయ తొక్కించి, మూడేళ్లలో మొదటిసారి స్టార్ట్ చేయాలని ఆయన అనుకున్నాడట. ఆ ఆశతోనే తెల్లవారకముందే ఒక్కడే కొబ్బరికాయ పట్టుకుని వచ్చి ఉంటాడు. కాయ పగలకుండా గోడ వారన పడి ఉంది.

ఆమె ముందు కార్బొరేటర్ ఉండాల్సిన చోటు చూసింది. దాన్ని బిగించే లోహపు చెవి ఒకటి విరిగి ఇంజిన్‌కే అంటుకుని ఉంది. పెట్రోలు ట్యూబు కత్తిరించినట్టు లేదు, గుంజినట్టు ఉంది.

"అమ్ముకునేవాడు ఎవడైనా సరుకును విరగ్గొట్టి తీస్తాడా?" తనలో తనే గొణుక్కుంది.

తర్వాత వంగి ముగ్గు చూసింది. బండి కింద సౌభాగ్యం వేసిన పెద్ద తామర. బియ్యప్పిండి ముగ్గు. చీమలు బారులు కట్టి పిండిని మోసుకుపోతున్నాయి. సగం తామర అప్పటికే గోడ కన్నంలోకి చేరిపోయింది. కానీ ఇంజిన్ ఎడమ పక్క, సరిగ్గా కింద, ఒక జానెడు మేర చీమలు వచ్చి, తడిమి, తిరిగిపోతున్నాయి. అక్కడ మిగిలింది తెలుపు కాదు, బూడిద రంగు. వినోదిని వేలికి అద్దుకుని కిటికీ వెలుతురులో చూసింది. తళతళమంది.

అల్యూమినియం పొడి.

పెళ్లికొడుకుల కేసుల్లో ఇలాంటిది దొరకదు. వంగి, ఇంజిన్ ఎడమ పక్క చదును మీద వేలు పెట్టి రాసింది. గరుకుగా తగిలింది. నంబరు ఉండాల్సిన చోట ఒక్క అంకె లేదు.

"ఏం వెతుకుతా ఉండారు? నా కేసులో మీ వేలిముద్రలు పెట్టకండి." గుమ్మంలో గుణశేఖర్. కానిస్టేబుల్ ఫోన్ కొట్టినట్టున్నాడు.

"ఇంజిన్ నంబరు చూసినారా సార్?"

"చూసినాను. లేదు. గుజిలీ బజారు పాత సరుకంతా అంతే, నంబరు గీకేసే అమ్ముతారు. అందుకే దొంగసొత్తు అన్నాను."

"అమ్మా," వినోదిని సౌభాగ్యం వైపు తిరిగింది, "నిన్న మీరు బండికి బొట్లు పెట్టినప్పుడు ఈ చోట పెట్టినారా?"

"ఎందుకు పెట్టలేదు! అంకెలు ఉన్న చోటే పెట్టినాను. చదునుగా ఉందని దండిగా చందనం మెత్తి, పైన కుంకుమ అద్దినాను. ఆయన నవ్వినారు కూడా, నంబరంతా కప్పేస్తివి, ఆర్టీవో ఆఫీసులో ఏమి చూపించాలా అని. కొత్త ఇంజిన్‌ను ఆర్సీలో ఎక్కించాల గదా. అందరి ముందరా అన్నారు, నా బండికి పళ్లిపట్టి ఇంజిన్ వచ్చింది, ఎల్లుండి పోయి నంబరు రాయిస్తానని."

వినోదిని గుణశేఖర్ వైపు తిరిగింది.

"నిన్న ఉండిన నంబరు ఈ పొద్దు లేదు. కింద పొడి ఉండాది, చీమలను అడగండి. వచ్చినవాడు కార్బొరేటర్ కోసం రాలేదు సార్. నంబరు చెరపడానికి వచ్చినాడు. కార్బొరేటర్ విరగ్గొట్టి తీసింది మీకోసం."

"నాకోసమా?"

"మీరు దొంగతనం అనుకోవాలని. అనుకున్నారు గదా."

అతని ముఖం ఎర్రబడింది. "అయితే ఏమి? మారెప్పే చెరిపినాడు. ఇంజిన్ దొంగసొత్తని బయట పడుతుందని భయపడి. దేంతో చెరిపినాడు? అక్కడ ఉండే సామాను దేన్నీ ఎవరూ తాకలేదు. స్పానర్ ఒక్కటి తప్ప. అన్నింటికీ పెట్టిన బొట్టు పెట్టినట్టే ఉండాది. చూసుకోండి!"

గోడ వారన పలక మీద అరిటాకు పరిచి పనిముట్లు వరుసగా పేర్చి ఉన్నాయి. స్పానర్లు, సుత్తి, కటింగ్ ప్లేయర్, స్క్రూడ్రైవర్లు, చివర ఆకురాయి. నిజమే, ప్రతిదానికీ బొట్టుంది. పూజలో పెట్టిన పనిముట్టును మర్నాడు హారతి ఇచ్చేదాకా ఎవరూ ముట్టరు. ఈ జిల్లాలో లారీ డ్రైవరైనా సరే, ఆ రాత్రికి స్టీరింగ్ తాకడు.

వినోదిని మోకాళ్ల మీద కూర్చుంది. ఒక్కొక్క బొట్టే చూస్తూ చివరిదాకా వచ్చింది. వచ్చి, ఆగిపోయింది.

"అమ్మా, మీరు వీటికి ఏం పెట్టినారు?"

"చందనం, మీద కుంకుమ."

"అన్నింటికీ?"

"అన్నింటికీ. మారెప్ప పళ్లెం పట్టుకున్నాడు, నేను పెట్టినాను."

"ఈ ఆకురాయికి విబూది ఎవరు పెట్టినారు?"

సౌభాగ్యం వంగి చూసింది. ఆకురాయి మీద సన్నగా మూడు అడ్డగీతలు. నడుమ కుంకుమ. చందనం లేదు. "అయ్యో రామా," అని నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "ఈ ఇంట్లో విబూది యాడిది?"

వినోదిని పెన్సిల్‌తో ఆకురాయిని పక్కకు తిప్పింది. పళ్ల మధ్య తెల్లటి లోహం ఇరుక్కుని ఉంది. దాని పైనే విభూతి.

"మారెప్ప ఇవన్నీ కిరసనాయిల్లో కడిగి తుడిచినాడు నిన్న. ఇప్పుడు దీని పళ్లలో ఇంజిన్ పొడి ఉండాది. రాసేటప్పుడు చందనం బొట్టు చెరిగిపోయింది. వాడికి భయమేసింది సార్. పోలీసు భయం కాదు. పూజలో ఉన్న ఆయుధం ముట్టినాను, సామి ఊరుకోడే అన్న భయం. తిరిగి బొట్టు పెడదామంటే గిన్నెలో చందనం ఎండిపోయింది. జేబులో తన విబూది పొట్లం ఉండాది. చేతికి వచ్చినట్టు, తన ఇంట్లో పెట్టుకున్నట్టు పెట్టినాడు. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు!"

"మారెప్ప జేబులో విబూది ఉండకూడదా?"

"మీరే సోదా చేసినారు గదా, ఏముండింది?"

గుణశేఖర్ అబద్ధం ఆడే మనిషి కాడు, అది మాత్రం ఆమె ఒప్పుకుంటుంది. "బీడీ కట్ట. అగ్గిపెట్టె. ఒక పాత ప్లగ్గు."

"అదీగాక మూడేళ్లుగా ఈ పూజలో పళ్లెం పట్టినోడు. ఇక్కడ విబూది పెట్టరని తెలిసినోడు. వాడు పెడతాడా?"

"ఊళ్లో సగంమంది నొసట విబూదే!" అతను గొంతు పెంచాడు. తెలుగు ఇంకా చిక్కబడింది. "ఇదో, నా నొసట కూడా ఉండాది. నన్ను కూడా పట్టుకోండి! కోర్టులో చెప్తారా ఇది? అయ్యా జడ్జిగారూ, ఆకురాయికి బొట్టు మారింది, మారెప్పను వదిలేయండి అని? నాకు మనిషి కావాల. ఆ నంబరు ఏమి, దాన్ని చెరపాల్సిన అవసరం ఎవడికి ఉండాది, అది చెప్పండి. లేదంటే అయిదింటికి జడ్జి ఇంటికి పోతాను."

అతను చెప్పింది న్యాయమే. అందుకే ఆమెకు మరింత ఉక్రోషం వచ్చింది. చేతిలో ఇంత పెట్టుకుని మారెప్పను జైలుకు పంపడమా? మళ్లీ ముగ్గు మీదికి వంగింది. నంబరు పొడి అయిపోయింది, సరే. కానీ దాని మీది చందనం? ఆకురాయి పెట్టే ముందు, అంత మందాన ఎండిన చందనాన్ని ఎవడైనా ముందు గోటితో పెళ్లగించాలి. అది ఎక్కడికి పోతుంది? చీమలకు చందనం పనికిరాదు.

బండి స్టాండు పక్కన, తామర రేకు అంచున దొరికింది. గోరంత మందాన, ఎండి బిరుసెక్కిన చందనం పెళ్ల. ఒక పక్క కుంకుమ. దాని పక్కనే ఇంకా చిన్న ముక్క. పెద్దదాన్ని అరచేతిలో వేసుకుని మెల్లగా తిప్పింది. కింది పక్క నున్నగా లేదు. ఏవో గీతలు ఉబ్బి ఉన్నాయి.

"అమ్మా, అద్దం ఉందా? చిన్నదైనా సరే."

సౌభాగ్యం పూజ పళ్లెంలోని కుంకుమ భరిణె తీసి తెరిచి పట్టుకుంది. మూతలో అద్దముంది. వినోదిని పెళ్లను అద్దానికి ఎదురుగా పట్టుకుంది. తిరగబడ్డ గీతలు అద్దంలో తిన్నగా నిలబడ్డాయి.

"అంకెలు," అంది. గొంతు తనకే కొత్తగా వినపడింది. "తడి చందనం నంబరు గుంటల్లోకి దిగి ఎండిపోయింది. అచ్చు పడింది సార్. మూడు, అయిదు, మూడు..."

"అది అన్ని జావాలకూ ఉంటుంది," అన్నాడు గుణశేఖర్, ఆసక్తి లేనట్టు. కానీ ఒక అడుగు ముందుకు వేశాడు.

"ఒకటి. ఎనిమిది. సున్నా." పెళ్ల అక్కడికి విరిగిపోయింది. "ఇంకా రెండు అంకెలు ఉండాల."

"నాలుగు," అన్నాడు గుణశేఖర్. "ఒకటి."

వినోదిని తలెత్తింది. అతను పెళ్లను చూడటం లేదు. బండి ఇంజిన్‌ను చూస్తున్నాడు. కుడిచేతి చూపుడువేలు గాలిలో మెల్లగా కదులుతోంది, పలక మీద దిద్దుతున్న పిల్లవాడి వేలిలా.

ఆమె చిన్న ముక్కను తీసి అద్దానికి పట్టింది. నాలుగు. ఒకటి.

"మా నాయన బండి," అన్నాడు. "ఆయన హెడ్ కానిస్టేబులు. బండిమీద ముందు కూర్చోబెట్టుకోని, ఆపినాక నా వేలు పట్టి ఆ నంబరు మీద దిద్దించేవాడు. ఒకటి ఇట్ల, ఎనిమిది ఇట్ల అని. నాకు ఎనిమిదేళ్లప్పుడు డ్యూటీకని పోయినాడు. తిరిగి రాలేదు. బండి కూడా రాలేదు." గాలిలో వేలు ఆగిపోయింది. "ఎవతినో తీసుకోని బెంగుళూరు పోయినాడన్నారు. డిపార్ట్‌మెంటే అట్ల రాసింది. బడిలో అన్నారు, బంధువులన్నారు. నేనూ నమ్మినాను, తెలుసునా? ఇన్నేళ్లు ఆయనను తిట్టుకుంటా బతికినాను. మా అమ్మ ఒక్కతే నమ్మలేదు. ఈ పొద్దుటికీ బొట్టు పెట్టుకుంటా ఉండాది."

సౌభాగ్యం కళ్లలో నీళ్లు నిండాయి. వినోదిని ఇన్ని కేసుల్లో ఈ మనిషిని ఓడించాలనే చూసింది. ఓడించాక ఇలా ఉంటుందనుకోలేదు.

మారెప్ప ఆ జాడ చెప్పి పది నిమిషాలైనా కానట్టు అనిపించింది గానీ, ఇక దాచేది లేదు.

"ఏ. పళ్లిపట్టి అవతల మామిడితోటలో పంపుసెట్టు గది, సార్. అక్కడ దొరికింది. వళ్ళి అనే అవ్వ కావిలి..."

"వళ్ళి అవ్వా?" సౌభాగ్యం అడ్డొచ్చింది. "ఆ అవ్వ నంజప్ప అన్న తోటలో గదా ఉండాది? ఎండాకాలం పళ్లు తెచ్చిచ్చేది ఆమే."

అన్న తర్వాత ఆమెకే అర్థమైంది. చేతిలోని భరిణె జారి కింద పడింది. కుంకుమ ముగ్గు మీద చెల్లాచెదురైంది.

"నిన్న..." ఆమె మాట తడబడింది. "నిన్న ఈయన పళ్లిపట్టి ఇంజిన్ అనగానే నంజప్ప అన్న గుగ్గిళ్ల శుండల్ గిన్నె కింద పెట్టేసినాడు. కడుపులో బాగలేదని లేచిపోయినాడు. ఏనాడూ నా చేతి శుండల్ వదిలిపెట్టని మనిషి. పాపా... ఆయన పక్కన ఇప్పుడు ఉండేది..."

"ఫోన్ చేయండి. ఆస్పత్రికి. వెంటనే!"

సౌభాగ్యం తన నోకియా ఫోన్ తీసేలోగానే అది మోగింది. వినోదిని లౌడ్ స్పీకర్ నొక్కి, మాట్లాడమని సైగ చేసింది.

"చెల్లెమ్మా," నంజప్ప గొంతు నింపాదిగా ఉంది. వెనక కారు హారన్. "నువ్వు ఆస్పత్రికి రావద్దు. ఇక్కడ వసతి చాలదని నేనే సంతకం పెట్టి సేలానికి తీసుకోని పోతా ఉండాను. నా కార్లోనే. తొప్పూరు ఘాట్‌లో లారీలు నిలిచిపోయినాయట. అందుకే పళ్లిపట్టి మీదుగా పోతా ఉండాము. నువ్వు భయపడొద్దు. విబూది పెట్టినాను, అంతా ఆ ఈశ్వరుడు చూసుకుంటాడు."

"ఆయన... ఆయన ఎట్ల ఉండారన్నా?"

"కళ్లు తెరిచినాడమ్మా ఇప్పుడే. ఏదో చెప్పాలని చూస్తా ఉండాడు."

ఫోన్ ఆగిపోయింది. సౌభాగ్యం మళ్లీ మళ్లీ నొక్కింది. స్విచ్ ఆఫ్.

గుణశేఖర్ అప్పటికే గుమ్మం దాటాడు. వాకీటాకీలో అరూరు రోడ్డు చెక్‌పోస్టుకు కారు గుర్తులు చెబుతున్నాడు. వినోదిని చందనం పెళ్లను కొంగు చివర కట్టుకుని అతని వెంట పరుగెత్తింది.

"కారు చెక్‌పోస్టు దాటేసి ఉంటే? తోట దారి మనకు తెలీదు సార్. తెలిసినవాడు ఒక్కడే."

"తెలుసు." అతను స్టేషన్‌కు ఫోన్ కలిపాడు. "నేను. లాకప్ తియ్. మారెప్పను బయటికి తీసుకురా... జడ్జి ఇంటికి కాదు, గేటు దగ్గరికి. వాడి చేతికి బేడీలు వద్దు. వాడి ఇంటామె అక్కడే ఉంటుంది, ఆమె ముందరే చెప్పు, తప్పు మాదేనని. గట్టిగా చెప్పు, నలుగురూ వినాల."

జీపు స్టేషన్ గేటు దగ్గర ఆగేసరికి మారమ్మ మొగుడి నెత్తుటి చొక్కా విప్పించి, తన కొంగుతోనే ముఖం తుడుస్తోంది. గుణశేఖర్ దిగి ముందు సీటు తలుపు తీశాడు. మారెప్ప బిత్తరపోయి వినోదినిని చూశాడు. "చెప్పేస్తివా అక్కా?" అన్నట్టు.

"చెప్పేసినాను. తర్వాత తిట్టుకో. ముందు ఎక్కు."

జీపు అరూరు రోడ్డెక్కింది. కొంతదూరం పోయాక గుణశేఖర్ రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా, ఎంతో మామూలుగా అడిగాడు.

"మారెప్పా, ఆ పంపుసెట్టు గది నేల మట్టిదా, సిమెంటుదా?"

మారెప్ప గుర్తు చేసుకున్నాడు.

"మట్టి నేల సార్. ఒక మూల మాత్రం మనిషి పడుకునే మంచమంత మేర సిమెంటు పోసినారు. ఇంజిన్ దాని మీదనే పెట్టి ఉండారు."

గుణశేఖర్ వేలితో స్టీరింగ్ మీద నాయన బండి నంబరు దిద్దాడు. యాక్సిలరేటర్ మీద కాలు గట్టిగా అదిమాడు.